చిన్నాయన మామూలు ఊపిరి

మా నాయన డోలు, ఆయన తమ్ముడు నాదస్వరం. గోరంట్ల చుట్టుపక్కల పెళ్లంటే ఈ అన్నదమ్ములు ఉండాల్సిందే. పెళ్లిళ్ల రోజుల్లో ఇద్దరూ తెల్ల పంచెలు కట్టుకుని, వాయిద్యాలు గుడ్డ సంచుల్లో వేసుకుని, మొదటి బస్సు పట్టుకునేవాళ్లు. ముహూర్తాలు లేని నెలల్లో నాయన చెనిక్కాయల చేలోకి, చిన్నాయన తన క్షవరం అంగట్లోకి పోయేవాళ్లు. చిన్నాయనకూ చిన్నమ్మకూ పిల్లలు లేరు. మా ఇల్లూ వాళ్ల ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి కాబట్టి నేను అన్నం ఒక ఇంట్లో తిని నిద్ర ఇంకో ఇంట్లో పోయేదాన్ని.

తొంభైల చివర్లో నేను హైస్కూలు చదివేటప్పుడు వరుసగా వానలు మొహం చాటేశాయి. పంటలు పోతే పెళ్లిళ్లు వాయిదా పడతాయి. జరిగిన ఆ నాలుగింటికీ బ్యాండు సెట్లను పిలవడం అప్పుడే మొదలైంది. చిన్నాయనకు పని తగ్గింది కానీ పొద్దున సాధన మాత్రం ఆయన మానలేదు. ఇంట్లో ఊదితే చిన్నమ్మ ఊరుకోదు. అందుకని చిత్రావతి ఏట్లోకి దిగేవాడు. ఏట్లో నీళ్లు ఎటూ లేవు. ఇసుకలో నిలబడి ఒకే స్వరం పట్టుకుని ఊదుతూ ఉంటే, నేను పక్కన కూర్చుని ఒకటి, రెండు అని లెక్కపెట్టేదాన్ని. ఆయన సంతోషపడతాడని ఒక్కోసారి రెండు అంకెలు కలిపి చెప్పేదాన్ని.

"రెండు ఎక్కువ చెప్పినావు పాపా. ఇంకోసారి లెక్కపెట్టు," అనేవాడు, మళ్లీ మొదలుపెట్టేవాడు.

ఆయనకు తన ఊపిరి మీద అంత లెక్క ఉండేది. ముక్కుతో గాలి తీసుకుంటూనే బుగ్గల్లో దాచుకున్న గాలితో ఊదడం ఆయనకు చిన్నప్పుడే పట్టుబడింది. బీడీలు తాగే మనిషి అంత సేపు ఎలా ఊదుతాడా అని డాక్టర్లు కూడా తర్వాత ఆశ్చర్యపోయారు.

నేను టీచరు ట్రైనింగు చేసి కొత్తచెరువు స్కూల్లో చేరాను. శని, ఆదివారాలు ఊరికి వచ్చేదాన్ని. అలా కొన్నేళ్లు గడిచాక, రెండు వేల దశకం ముగిసే రోజుల్లో, రాప్తాడు దగ్గర ఒక పెళ్లిలో తాళి కట్టే వేళకు నాదస్వరం ఆగిపోయింది. మేళం హోరెత్తాల్సిన క్షణం అది. నాయన ఒక్కడే డోలు వాయించి ఆ కాసేపూ నెట్టుకొచ్చాడు. పెళ్లివాళ్లు అక్షింతలు వేసే హడావుడిలో ఉన్నారు, గమనించలేదు. చిన్నాయన వెనక్కి తిరిగి దగ్గుతున్నాడు. దగ్గిన తువ్వాలును మడిచి చంకలో పెట్టుకోవడం నాయన చూశాడు. తిరుగు బస్సులో ఆ తువ్వాలు అడిగి తీసుకుని విప్పితే రక్తం మరకలున్నాయి.

"ఎన్నాళ్లాయ ఇట్ల?" అని నాయన అడిగాడు.

"ఉగాది నుంచి," అన్నాడట చిన్నాయన. అప్పటికి రెండు నెలలు దాటింది.

అనంతపురం పెద్దాస్పత్రిలో ఎక్స్‌రే తీశారు. మొదట టీబీ అనుకున్నారు. కఫం పరీక్షలో ఏమీ తేలలేదు. కుడి ఊపిరితిత్తి కింది భాగంలో ఒక మచ్చ ఉందని, బెంగుళూరికి పోయి చూపించుకోమని రాసిచ్చారు. ఇంట్లో కాస్త ఇంగ్లీషూ కన్నడమూ మాట్లాడగలిగినదాన్ని నేనే కాబట్టి సెలవు పెట్టి చిన్నాయన, చిన్నమ్మల వెంట బయలుదేరాను. కావలసిన ఖర్చుకు బంధువులంతా తలా ఒక చెయ్యి వేశారు.

బస్సు కొడికొండ చెక్‌పోస్టు దాటి బాగేపల్లిలో ఆగినప్పుడు చిన్నమ్మ టీ కోసం కిందికి దిగింది. చిన్నాయన నా వైపు వంగి, "పాపా, ఇది ఏ రోగమో నాకు తెలుసు. మీ చిన్నమ్మకు మాత్రం చెప్పద్దు. తట్టుకోలేదు," అన్నాడు. నేను తల ఊపాను. చిక్కబళ్లాపురంలో ఆయన దిగినప్పుడు చిన్నమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. "నాకంతా అర్థమయ్యిండాది మ్మా. ఆయప్పకు తెలియనీయద్దు. బెదిరిపోతాడు," అంది. దానికీ తల ఊపాను. యలహంక వచ్చేదాకా ఇద్దరి మధ్యా కిటికీ లోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఆస్పత్రిలో స్కానింగు, సూది పరీక్ష అన్నీ అయ్యాక నడివయసు డాక్టరమ్మ ఒకావిడ మమ్మల్ని గదిలోకి పిలిచింది. ఆవిడ కన్నడంలో మాట్లాడింది. బాగేపల్లి, గౌరిబిదనూరు పెళ్లిళ్లలో వాయించి వాయించి చిన్నాయనకు కన్నడం నాకంటే బాగా వచ్చు. చిన్నమ్మకూ అర్థమవుతుంది. నేను అడ్డుపడి తిప్పి చెప్పే అవకాశమే లేకుండా ఆవిడ సూటిగా, ఇది క్యాన్సరు గడ్డ అని చెప్పేసింది. వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ కలిసి నన్ను చూశారు.

"నీకు ముందే తెలుసా?" అన్నాడు చిన్నాయన భార్యతో.

"నీకు తెలీదనుకుంటి," అంది ఆమె.

డాక్టరమ్మ మిగతాది చెప్పసాగింది. గడ్డ రేగిపండంత ఉంది, వేరే చోటికి పాకలేదు. మామూలుగా అయితే కోసి తీసేస్తారు. కానీ ఈయన ఊపిరితిత్తులు పొగతో పాడయ్యాయి, గుండె కూడా బలహీనంగా ఉంది, ఆపరేషనుకు తట్టుకోలేడు. కొత్తగా ఒక రోబో మిషను వచ్చింది. కోత లేదు, కుట్టు లేదు, మత్తు కూడా అక్కర్లేదు. మనిషి పడుకుని ఉంటే ఒక పెద్ద ఇనుప చెయ్యి చుట్టూ తిరుగుతూ ఎన్నో వైపుల నుంచి సన్నని రేడియేషన్ కిరణాలు పంపుతుంది. ఒక్కో కిరణం దానికదే పెద్దగా హాని చెయ్యదు. అన్నీ కలిసే చోట మాత్రం గడ్డ మాడిపోతుంది.

"ఊపిరి పీల్చినప్పుడల్లా గడ్డ పైకీ కిందికీ కదులుతూ ఉంటుంది. మిషను కూడా దాన్నే చూసుకుంటూ దాంతోపాటు కదులుతుంది," అని ఆవిడ తన చేతిని గాలిలో మెల్లగా ఊపి చూపించింది.

చిన్నాయన ఆ చేతినే చూస్తూ, "అయితే నేను ఊపిరి బిగబట్టే పని లేదామ్మా?" అన్నాడు.

"లేదు. మామూలుగా పీల్చుకుంటూ ఉంటే చాలు."

"కావల్లంటే బిగబడతా. నిమిషం పైనే బిగబడతా," అన్నాడు. తనకు వచ్చిన ఒక్క విద్యా ఇక్కడ పనికిరాకపోవడం ఆయనకు కొంచెం వెలితిగా తోచినట్టుంది.

గడ్డ ఎక్కడుందో మిషనుకు తెలియడానికి దాని దగ్గర బియ్యపు నూకలంత బంగారు గింజలు సూదితో పెట్టాలని డాక్టరమ్మ చెప్పింది. ఎక్స్‌రేలో అవి స్పష్టంగా కనబడతాయట. ఆ మాట వినగానే చిన్నమ్మ చెవి కమ్మ తిప్పడం మొదలుపెట్టింది. ఎందుకో నాకు వెంటనే తట్టలేదు. కమ్మ ఊడదీసి బల్ల మీద పెట్టి, "ఇది సాలునా?" అంది. డాక్టరమ్మ లేచి వచ్చి ఆ కమ్మను తన చేత్తోనే చిన్నమ్మ చెవికి మళ్లీ పెట్టింది. ఆ గింజలు ఆస్పత్రివే ఉంటాయని చెప్పింది.

గింజలు పెట్టాక అవి లోపల కుదురుకోవడానికి వారం రోజులు ఆగాలన్నారు. ఊరికి వచ్చాం. ఆ వారమంతా చిన్నాయన బస్సులో కుదుపు వచ్చినా, మెట్లు దిగినా కుడిపక్క చెయ్యి పెట్టుకునేవాడు. అంగడికి వచ్చినవాళ్లు పలకరిస్తే, "లోపల బంగారం ఉండాదప్పా, జారిపోతాదేమో అని," అనేవాడు నవ్వకుండా.

వారం తర్వాత మళ్లీ వెళ్లి యలహంకలో ఒక బంధువుల మేడ మీద గదిలో దిగాం. ఇంకోసారి స్కానింగు చేసి, కిరణాలు ఏ వైపు నుంచి రావాలో లెక్కలు వేసుకోవడానికి డాక్టర్లు మూడు రోజులు తీసుకున్నారు. మొత్తం నాలుగు సార్లు, రోజు విడిచి రోజు వైద్యం.

మొదటి రోజు ఆ గదిలోకి ముందు మమ్మల్ని కూడా రానిచ్చారు. గోడలు చాలా మందం. తలుపు కూడా గోడలాగే ఉంది. మధ్యలో సన్నని మంచం. దాని పక్కన తెల్ల రంగు వేసిన ఇనుప చెయ్యి, మోచెయ్యి, మణికట్టు అన్నీ ఉన్నట్టే, మనిషికంటే ఎత్తుగా నిలబడి ఉంది. చిన్నాయన దాని చుట్టూ ఒకసారి నడిచి వచ్చాడు.

"బోరు లారీ మాదిరి ఉండాది. కానీ బోరు లారీ యాడ నిలబెడితే ఆడనే పొడుస్తాది. ఇది సుట్టూ తిరిగి సూసి పొడుస్తాదంట," అని నాతో అన్నాడు. మా ఊళ్లో ఆ ఏడాది తవ్విన బోర్లలో సగానికి సగం దుమ్మే లేచింది.

మిషను నడిపే అమ్మాయిది చిక్కబళ్లాపురం. ఆయనను 'అజ్జా' అని, అంటే తాతా అని, పిలిచేది. ఒంటికి బిగుతుగా ఉండే చేతుల్లేని చొక్కా తొడిగి, దాని మీద మూడు చిన్న ఎర్రదీపాలు అతికించింది. రొమ్ము లేచి పడుతూ ఉంటే ఆ దీపాల కదలికను పైనున్న కెమెరా చూస్తుంది. అది చూసి మిషను ఊపిరి పోకడ నేర్చుకుంటుంది. అంతా సర్ది, గంటసేపు కదలకూడదు కదా, ఏం పాట పెట్టమంటారని అడిగింది.

"నాదస్వరం ఉంటే పెట్టు తల్లీ," అన్నాడు చిన్నాయన.

ఉంది. పెట్టింది. మేం బయటికి వచ్చి టీవీల్లాంటి తెరల ముందు నిలబడ్డాం. ఒక తెర మీద చిన్నాయన పడుకుని కనబడుతున్నాడు. ఇంకోదాని మీద ఆయన ఊపిరి గీతలా పారుతోంది. ఇనుప చెయ్యి లేచింది, కొంచెం వంగింది, ఆగిపోయింది. ఆ అమ్మాయి ఏదో సరిచేసి మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ ఆగింది. మూడోసారి కూడా అంతే.

ఆమె మైకులో, "అజ్జా, మామూలి థర ఉసిరాడి," అంది. మామూలుగా ఊపిరి పీల్చుకోమని.

నేను గీతను చూశాను. అందరి ఊపిరీ చిన్న చిన్న అలల్లా ఉంటుందని ఆ అమ్మాయి అంతకు ముందే చూపించింది. చిన్నాయనది అలా లేదు. సుదీర్ఘంగా ఒకే మట్టంలో సాగి, ఒక్కసారి లోతుకు పడి, మళ్లీ సాగుతోంది. గది లోపలి నుంచి సన్నగా వినబడుతున్న రాగం ఎక్కడ విరుగుతోందో గీత అక్కడే పడుతోంది. ఆయన పడుకున్నచోటే ఊదుతున్నాడు. చేతిలో వాయిద్యం లేదంతే.

ఆ సంగతి చెప్పాను. పాట ఆపేశారు. కానీ ఆపాక ఇంకా చెడింది. ఆయన ఇప్పుడు మామూలుగా పీల్చాలని పట్టుదలగా పీలుస్తున్నాడు. గీత ఒకసారి ఎత్తుగా, ఒకసారి ఆగి, ఒకసారి వణికి, ఎలా పడితే అలా పోతోంది. అమ్మాయి లోపలికి పోయి మాట్లాడి వచ్చింది. "తను ఊరికే ఉన్నప్పుడు ఎలా పీలుస్తాడో తనకే తెలీదంటున్నాడు," అంది నవ్వాలో వద్దో తెలియనట్టు. ఈ రోజుకు ఆపి రేపు చూద్దామా అని డాక్టరమ్మకు ఫోన్ చెయ్యబోయింది.

అప్పుడు చిన్నమ్మ, "నాకు తెలుసు," అంది. "దాంట్లో నేను మాట్లాడొచ్చునా?"

మైకు ఆమె ముందుకు జరిపారు. ఆమె దానికి మరీ దగ్గరగా వంగింది.

"ఏమప్పా, నేను. ఇనపడతాండాదా? నోరు తెరవద్దు, తల ఊపద్దు. ఊరికే ఇను." తర్వాత గొంతు మార్చి, మిద్దె ముందు కసువు ఊడుస్తూ మాట్లాడే గొంతుతో మొదలుపెట్టింది. "మన సుక్క మేక మళ్లా పక్కింటి మునగచెట్టు మీద పడిందంట. ఆయమ్మ కొమ్మలన్నీ కొట్టేసి మన వాకిట్లో పడేసింది. నేను ఊరికి పోయినాక అడుగుదామనుకుంటే నువ్వు వద్దంటావు. నువ్వు ఎప్పుడు ఎవుర్ని అడిగినావు గనక..."

ఇలా అరగంట ఆమె మాట్లాడటం, ఆయన నులక మంచం మీద పడుకుని 'ఊ' కూడా అనకుండా వినడం నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. సాయంత్రాలు వాళ్లింట్లో జరిగేది అదే. తెర మీద గీత మెల్లమెల్లగా చిన్నదైంది. ఒక అల, దాని వెనక ఇంకో అల, అన్నీ ఒకే ఎత్తులో. అమ్మాయి నా వైపు చూసి, ఆపొద్దని చెప్పమన్నట్టు చెయ్యి తిప్పింది. ఇనుప చెయ్యి లేచి, ఆయన రొమ్ము మీదుగా వంగి, ఆ అలలతోపాటే కొద్దికొద్దిగా ఊగుతూ పని మొదలుపెట్టింది.

చిన్నమ్మ ఆ చెయ్యిని చూడలేదు. కళ్లు మూసుకుని మాట్లాడుతూనే ఉంది. మేక అయిపోయింది, మునగచెట్టు అయిపోయింది, రేషను అంగడి వాళ్ల కూతురి సంబంధం అయిపోయింది. మాటలు తరిగిపోయాక ఏమనుకుందో, "ఆ బీడీలు వద్దని ఎన్ని మాట్ల చెప్పింటి నీకు," అంది. తెర మీద గీత ఒక్క ఎగురు ఎగిరింది. ఇనుప చెయ్యి ఆగింది. అమ్మాయి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. చిన్నమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, గుక్కెడు నీళ్లు తాగి, "సరే, ఆ మేక సంగతి ఇంకా అయిపోలేదు," అని మళ్లీ అందుకుంది.

బయటికి వచ్చాక చిన్నాయనకు నొప్పేమీ లేదు. ఆకలి మాత్రం వేస్తోందన్నాడు. క్యాంటీన్లో ఇడ్లీ తింటూ, "మునగచెట్టు సంగతి నిజమేనా?" అని అడిగాడు.

"సగం నిజం," అంది ఆమె.

ఆ సాయంత్రం నుంచి చిన్నమ్మకు ఒకటే దిగులు. ఎల్లుండికి ఏం చెప్పాలి. గదిలో రొట్టె కాలుస్తూ నన్ను అడిగేది. నాకు తెలిసిన స్కూలు కబుర్లన్నీ చెప్పాను. నాయనకు ఫోన్ చేసి, "ఊర్లో ఏమేమి జరిగినాయో అన్నీ చెప్పు బావా, ఒక్కటీ ఇడిసిపెట్టద్దు," అంది. ఫోనులో ఆయన చాలాసేపు చెప్పాడు. జీవితంలో వాళ్లిద్దరూ అంతసేపు మాట్లాడుకోవడం నాకు తెలిసి అదే మొదలు. మిగిలిన మూడు రోజులూ ఆమె మాటల మీదే వైద్యం జరిగింది. ఆఖరి రోజు ఆస్పత్రివాళ్లు ఇంకో ఇద్దరు ఆ తెరల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. తెలుగు తెలియకపోయినా వాళ్లు నవ్వుతూ విన్నారు.

ఊరికి వచ్చాక కొన్ని వారాలు ఆయనకు నీరసం విడవలేదు. దగ్గు ఒకసారి పెరిగితే భయపడి మళ్లీ పరుగెత్తాం. అది మామూలేనని మందులు ఇచ్చి పంపారు. మూడు నెలల తర్వాత తీసిన స్కానింగులో గడ్డ సగమైంది. ఏడాదికి, అక్కడ మచ్చ తప్ప ఏమీ మిగల్లేదని డాక్టరమ్మ ఫిల్మును లైటుకు పెట్టి చూపించింది. చిన్నాయన మచ్చను చూడలేదు. పక్కన తెల్లగా మెరుస్తున్న మూడు చుక్కలను వేలితో చూపించి, "ఇవేనామ్మా?" అన్నాడు. అవునంది. వాటిని తియ్యరని, జీవితాంతం అక్కడే ఉంటాయని చెప్పింది.

బీడీ ఆ తర్వాత ముట్టలేదు. నాదస్వరం ఊదడానికి డాక్టరమ్మ కొంతకాలానికి ఒప్పుకుంది కానీ మునుపటి దమ్ము రాలేదు. ఒక స్వరం పట్టుకుంటే సగంలోనే జారిపోయేది. మొదట్లో వాయిద్యాన్ని గుడ్డలో చుట్టి పెట్టేశాడు. అప్పుడు మా నాయన డోలు తెచ్చుకుని వాళ్ల వాకిట్లో కూర్చున్నాడు. "నువ్వు ఎంత ఊదగలవో అంత ఊది ఆపు. మిగిలింది నేను చూసుకుంటా," అన్నాడు. అలా నెలల తరబడి ఇద్దరూ కొత్తగా కుదుర్చుకున్నారు. చిన్నాయన చిన్న చిన్న రాగపు ముక్కలు ఊది వదిలేస్తే, ఆ ఖాళీలో నాయన డోలు పలికేది. కొత్తచెరువులో మా హెడ్మాస్టరు కూతురి నిశ్చితార్థానికి అలాగే వాయించారు. ఇదేదో కొత్త బాణీలాగా ఉందని ఒకరు మెచ్చుకుంటే, నాయన మొహం తిప్పుకుని డోలు తాళ్లు బిగించుకున్నాడు.

ఒక ఆదివారం నేను ఊళ్లో ఉండగా రాప్తాడు వైపు నుంచి ఒక రైతు తన భార్యను వెంటబెట్టుకుని చిన్నాయన ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ఆమెకు వెన్నుపూస దగ్గర గడ్డ. అదే ఆస్పత్రికి పొమ్మన్నారట. ఆమె అరుగు మీద కూర్చుంది కానీ తల ఎత్తలేదు.

"మిషను మీద పడతాదేమో అని బెదురుతాంది అన్నా," అన్నాడు రైతు.

చిన్నాయన ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. "పడదు మ్మా. దగ్గరికి వస్తాది, ఒంటికి తగలదు. కొంచెం చప్పుడు ఉంటాది. నొప్పి రవ్వంత కూడా లేదు. నువ్వు చెయ్యల్సిన పని ఏమీ లేదు, పండుకోని ఉండడమే. అది శానా కష్టమనిపిస్తాది ముందు. తర్వాత అలవాటయితాది."

"నువ్వు బెదరలేదా అన్నా?" అని ఆమె మొదటిసారి నోరు తెరిచింది.

"బెదిరినా. ఎందుకు బెదరను," అన్నాడు చిన్నాయన.

వాళ్ల ప్రయాణం బుధవారం. ఆ రోజు సాయంత్రం నేను కొత్తచెరువు నుంచి ఫోన్ చేస్తే చిన్నమ్మ ఎత్తింది. చిన్నాయన ఏం చేస్తున్నాడని అడిగాను.

"ఈడ యాడుండాడు. పొద్దున్నే అంగడి మూసేసి వాళ్ల వెంట బెంగుళూరికి పోయినాడు. ఆయమ్మకు తోడు ఉంటాడంట."